ఆక్రిలిక్ రంగులు: తోళ్ల పరిశ్రమ నుంచి కాన్వాస్ దాకా

చిత్రకారుడు వాడే ఏ రంగులోనైనా ప్రధానంగా రెండు పదార్థాలుంటాయి. ఒకటి వన్నెనిచ్చే పొడి. రెండోది ఆ పొడిని గోడకో, గుడ్డకో, చెక్కకో అతికించే జిగురు. పొడి ఒకటే అయినా జిగురు మారితే రంగు పేరే మారిపోతుంది. ఎర్రమట్టి పొడిని తుమ్మ జిగురులో కలిపితే నీటిరంగు అవుతుంది. గుడ్డు సొనలో కలిపితే టెంపెరా, అవిసె నూనెలో నూరితే తైలవర్ణం. తడి సున్నపు పూత మీద నీళ్లతో పూస్తే ఫ్రెస్కో. అక్కడ సున్నమే గట్టిపడుతూ రంగును తనలో బిగించుకుంటుంది. 20వ శతాబ్దం మధ్యలో ఈ వరుసలో చేరిన కొత్త జిగురు ఆక్రిలిక్ రెసిన్. ఇది చెట్టు నుంచో గింజ నుంచో జంతువు నుంచో వచ్చింది కాదు, రసాయనశాలలో పుట్టింది.

ఆక్రిలిక్ రంగు తడిగా ఉన్నంతసేపు నీళ్లతో కలుస్తుంది. ఒకసారి ఆరిందంటే నీళ్లకు కరగదు. నీటిరంగులోని సౌలభ్యం, తైలవర్ణంలోని గట్టిదనం ఒకేచోట దొరకడం చిత్రకళలో అంతకుముందు అరుదు. అయితే ఈ రెసిన్‌ను ముందుగా కోరింది తోళ్ల పరిశ్రమ, విమానాల కర్మాగారాలు, ఇళ్ల రంగుల వ్యాపారం. వాటి చేతుల్లోంచి ఇది చిత్రకారుల దగ్గరికి రావడానికి కారణం, పాత జిగుర్లతో తృప్తిపడని కొందరు చిత్రకారులూ, వాళ్ల పక్కనే నిలబడి రంగులు నూరిన కొందరు తయారీదారులూ.

పాత జిగుర్ల హద్దులు

నూనె రంగు నీటిలా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. పలుచని పూతకు రోజులు పడితే, మందపాటి పూత లోపలి దాకా గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈ నిదానమే రంగులను తడిమీద కలపడానికి, మెత్తని ఛాయలు తేవడానికి వీలిచ్చింది. యూరప్ చిత్రకళ వందల ఏళ్లపాటు దాని మీదే నిలబడింది. కానీ కాలం గడిచేకొద్దీ నూనె పసుపుబారుతుంది, పెళుసెక్కి పగుళ్లిస్తుంది. అందులోని ఆమ్లాలు గుడ్డను తినేస్తాయి. అందుకే కాన్వాస్‌కు ముందు జంతువుల జిగురు పట్టించి, దాని మీద తెల్లని అడుగుపూత వేసి, ఆ తర్వాతే నూనె రంగు పూయాలి. పై పొరలో నూనె పాలు కింది పొరలో కన్నా ఎక్కువుండాలన్న నియమాన్నీ పాటించాలి.

నీటిరంగు ఆరిన తర్వాత కూడా తడి తగిలితే కరిగిపోతుంది. ఫ్రెస్కోకు కాలంతో పోటీ. ఆ రోజు వేసిన సున్నం ఆరేలోగా ఆ భాగం బొమ్మ పూర్తికావాలి. ఆరుబయట గోడల మీద వాన, పొగ, ఎండ దాన్ని త్వరగా దెబ్బతీస్తాయి. నగరాల్లో పెద్ద పెద్ద సిమెంటు గోడలు లేచిన 20వ శతాబ్దంలో ఈ హద్దులు చిత్రకారులకు స్పష్టంగా తెలిసివచ్చాయి.

రెసిన్ పుట్టుక

ఆక్రిలిక్ ఆమ్లాన్ని రసాయనశాస్త్రజ్ఞులు 1843లోనే తయారుచేశారు. దాని అణువులు గొలుసులుగా అతుక్కుని గట్టి ముద్దలవడాన్ని జాగ్రత్తగా పరిశీలించినవాడు జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు ఓటో రోమ్. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో 1901లో ఆయన సమర్పించిన పరిశోధన వ్యాసం దీని గురించే. కానీ బతుకుతెరువు వేరే దారి చూపింది. ఆ రోజుల్లో తోళ్లను మెత్తబరచడానికి కుక్కల మలాన్ని వాడేవారు. దాని బదులు జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో రోమ్ ఒక పదార్థాన్ని తయారుచేశాడు. దాన్ని అమ్మడానికి 1907లో ఓటో హాస్‌తో కలిసి రోమ్ అండ్ హాస్ సంస్థను పెట్టాడు. 1909లో సంస్థ డార్మ్‌స్టాట్‌కు మారింది. అదే ఏడు హాస్ అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వెళ్లి అక్కడ శాఖ తెరిచాడు.

తోళ్ల వ్యాపారం నిలదొక్కుకున్నాక రోమ్ మళ్లీ ఆక్రిలిక్ వైపు తిరిగాడు. ఆ పరిశోధన నుంచే 1933లో ప్లెక్సీగ్లాస్ అనే పారదర్శకమైన పలక వచ్చింది. గాజుకన్నా తేలిక, త్వరగా పగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు, పైలట్ కూర్చునే గది కప్పులకు దీన్ని విరివిగా వాడారు. ఎండలో పసుపుబారకపోవడం, నీటికి చెడకపోవడం ఈ రెసిన్ సహజ గుణాలు. చిత్రకారులకు కావలసినవీ అవే.

గోడల కోసం వెతుకులాట

మెక్సికో విప్లవం ముగిశాక, 1920లలో ఆ దేశ ప్రభుత్వం ప్రజాభవనాల గోడల మీద జాతి చరిత్రను చిత్రించమని చిత్రకారులను పిలిచింది. డియేగో రివేరా, హోసే క్లెమెంతే ఒరోస్కో, డేవిడ్ అల్ఫారో సికేరోస్ ఈ ఉద్యమానికి పేరుమోసిన ముగ్గురు. తొలి ఏళ్లలో ఎక్కువగా ఫ్రెస్కోనే పట్టుకున్నారు. వారిలో సికేరోస్ మాత్రం కొత్త కాలపు గోడకు కొత్త కాలపు పనిముట్లే కావాలని పట్టుపట్టాడు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో కుడ్యచిత్రాలు వేస్తూ సున్నానికి బదులు సిమెంటు వాడాడు, కుంచె పక్కనపెట్టి రంగు చిమ్మే గన్ను పట్టాడు. అక్కడ ఆయన వేసిన ‘అమెరికా ట్రాపికల్’ రాజకీయ భావాలు నచ్చనివారు దాని మీద సున్నం కొట్టించారు. ఎన్నో ఏళ్ల సంరక్షణ తర్వాత 2012లో అది మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది.

1936లో సికేరోస్ న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాలను నడిపాడు. కార్లకు పూసే డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కను అక్కడి యువ చిత్రకారులు చెక్క మీద ఒలకబోశారు, చిలకరించారు, గన్నుతో చిమ్మారు. వారిలో జాక్సన్ పొల్లాక్ ఒకడు. దశాబ్దం తర్వాత నేల మీద కాన్వాస్ పరిచి రంగు చిలకరించే పద్ధతితో అతడు పేరు పొందాడు. డ్యూకో రంగులు తెలుగు నేలకూ కొత్తవి కావు. నిర్మల్ కొయ్యబొమ్మల మీద మెరిసే పూతకు కళాకారులు వాటిని వాడుతూ వచ్చారు.

డ్యూకో త్వరగా ఆరుతుంది, బాగా మెరుస్తుంది. కానీ నైట్రోసెల్యులోజ్ కాలక్రమంలో పసుపుబారి పెళుసవుతుంది. దానికన్నా నమ్మకమైన జిగురు కోసం మెక్సికో నగరంలోని జాతీయ పాలిటెక్నిక్ సంస్థలో హోసే గుటియెర్రెస్ ప్రయోగాలు సాగించాడు. వినైల్, ఆక్రిలిక్ రెసిన్లను గోడల మీద పరీక్షించి, ఆక్రిలిక్ రంగులను తయారుచేశాడు. అవి 1950లలో పోలిటెక్ పేరుతో అమ్మకానికి వచ్చాయి. ఫ్రెస్కో నుంచి ప్లాస్టిక్కుల దాకా చిత్రకారుల పదార్థాలను వివరిస్తూ ఆయన రాసిన పుస్తకాన్ని కెనడా జాతీయ చిత్రశాల 1956లో ప్రచురించింది. ఆక్రిలిక్‌ను కళాకారుల భాషలో వివరించిన తొలి పుస్తకాల్లో అదొకటి.

టర్పెంటైన్‌లో కరిగే ఆక్రిలిక్

అదే కాలంలో న్యూయార్క్‌లో లెనార్డ్ బొకూర్, అతని మేనల్లుడు శామ్ గోల్డెన్ చిత్రకారుల కోసం చేత్తో రంగులు నూరి అమ్మేవారు. వారి దుకాణం చిత్రకారుల కూడలి. అక్కడికి వచ్చినవారు ఏ రంగు ఎలా ప్రవర్తిస్తోందో చెప్పేవారు, వీరు దాన్ని సరిచేసేవారు. ఆక్రిలిక్ రెసిన్‌ను ద్రావకంలో కరిగించి, అందులో వన్నెపొడి నూరి, 1940ల చివర వీరు మాగ్నా అనే రంగును తెచ్చారు. దాన్ని పలుచన చేయడానికి నీళ్లు పనికిరావు, టర్పెంటైన్ కావాలి. ఆరాక కూడా టర్పెంటైన్ తగిలితే మళ్లీ కరుగుతుంది. రాయ్ లిక్టెన్‌స్టీన్ లాంటి చిత్రకారుడికి ఈ గుణమే ఉపయోగపడింది. తప్పుపడిన గీతను మచ్చ లేకుండా తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు.

మాగ్నాను అందరికన్నా లోతుగా అర్థం చేసుకున్నవాడు వాషింగ్టన్‌కు చెందిన మోరిస్ లూయిస్. 1953లో అతడు, కెనెత్ నోలండ్ కలిసి న్యూయార్క్‌లో హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ చిత్రశాలకు వెళ్లారు. ఆమె 1952లో వేసిన ‘మౌంటెన్స్ అండ్ సీ’ అనే చిత్రాన్ని అక్కడ చూశారు. అడుగుపూత లేని కాన్వాస్ మీద బాగా పలుచన చేసిన నూనె రంగును పోసి ఇంకనిచ్చి ఆమె ఆ బొమ్మ వేసింది. రంగు గుడ్డ మీద పొరగా కాక గుడ్డలోకే దిగింది. అయితే ఇంకిన నూనె చుట్టూ మరకలా వ్యాపించింది. నూనె తగిలిన గుడ్డ మన్నిక కూడా అనుమానమే. పలుచన చేసిన మాగ్నాతో లూయిస్ ఇదే పని చేశాడు. వాలుగా ఆనించిన కాన్వాస్ మీద పోసిన రంగు తెరలు తెరలుగా జారి, ఒకదాని మీద ఒకటి పరుచుకుని, వన్నె తగ్గకుండా నిలిచింది. 1960లో లూయిస్ అవసరానికి తగ్గట్టు మాగ్నా పాకాన్ని గోల్డెన్ మార్చి ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ‘అన్‌ఫర్ల్డ్’ వరుస చిత్రాల్లో రెండు అంచుల నుంచి రంగులు ప్రవాహాల్లా దిగుతాయి, నడుమ కాన్వాస్ తెల్లగా మిగులుతుంది. ఒక చిత్రకారుడి చేతి కదలికకు ఒక తయారీదారు రంగును మలిచి ఇచ్చిన ఉదాహరణగా ఇది నిలిచిపోయింది.

నీటితో కలిసిన రెసిన్

యుద్ధం ముగిశాక విమానాల గిరాకీ తగ్గింది. మరోవైపు అమెరికా నగరాల శివార్లలో లక్షల కొత్త ఇళ్లు లేస్తున్నాయి. ఘాటు వాసన లేకుండా, నీళ్లతో కలుపుకుని ఇంటివారే వేసుకోగల రంగుకు గిరాకీ పెరిగింది. దాని కోసం రోమ్ అండ్ హాస్ సంస్థ 1953లో రోప్లెక్స్ ఏసీ-33 అనే ఆక్రిలిక్ ఎమల్షన్‌ను తెచ్చింది. తెలుగు ఊళ్లలో నేడు ఇంటి గోడలకు వేయించే ఆక్రిలిక్ ఎమల్షన్లు కూడా ఈ వంశానివే.

ఎమల్షన్ అంటే రెసిన్ నీటిలో కరగడం కాదు. పాలలో వెన్న కణాలు విడివిడిగా తేలినట్టు, మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవైన రెసిన్ కణాలు నీటిలో తేలుతుంటాయి. అవి ముద్దకట్టకుండా సబ్బు వంటి పదార్థాలు ఆపుతాయి. రంగు పూశాక నీరు ఆవిరవుతుంది. కణాలు దగ్గరికి జరిగి, ఒకదానికొకటి ఒత్తుకుని, ఉడికిన సగ్గుబియ్యం అతుక్కున్నట్టు కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. ఆ పొరను నీళ్లు విడదీయలేవు. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే తేటపడుతుంది. అందుకే ఆక్రిలిక్ రంగు ఆరాక కాస్త ముదురుగా కనిపిస్తుంది. కుంచెను రంగు ఆరకముందే కడగాలన్న నియమమూ ఇక్కడి నుంచే వచ్చింది.

ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో పర్మనెంట్ పిగ్మెంట్స్ అనే సంస్థ చిత్రకారుల రంగులు తయారుచేసేది. దాని యజమాని హెన్రీ లెవిసన్ ఈ ఎమల్షన్‌లో వన్నెపొడులు నూరి, 1955లో లిక్విటెక్స్ పేరుతో నీటితో కలిసే ఆక్రిలిక్ రంగును చిత్రకారులకు అందించాడు. మొదట్లో అది పలుచగా ఉండేది. నూనె రంగుకు అలవాటుపడినవారికి కుంచె జాడ నిలిచే చిక్కదనం కావాలి. 1963లో ట్యూబులో పట్టే చిక్కని లిక్విటెక్స్ వచ్చాక చాలామంది దాని వైపు మళ్లారు. అదే ఏడు బ్రిటన్‌లో జార్జ్ రౌనీ సంస్థ క్రైలా రంగులను విడుదల చేసింది.

జిగురుతో పాటు వన్నెపొడులూ కొత్తవి వచ్చాయి. 1930లలో వచ్చిన థాలోసయనిన్ నీలం, ఆకుపచ్చ, 1958లో వచ్చిన క్వినాక్రిడోన్ ఎరుపు, ఊదా రంగులు ఎండకు తట్టుకోవడంలో సాటిలేనివి. ఎమల్షన్ క్షార గుణం గలది కాబట్టి అన్ని పొడులూ అందులో నిలవవు. ఉదాహరణకు క్షారంలో వెలిసిపోయే ప్రష్యన్ నీలం ఆక్రిలిక్‌లో పనికిరాలేదు. ఆ ఛాయను వేరే పొడులు కలిపి తెచ్చుకోవలసి వచ్చింది.

చిత్రశాలల్లో

కొత్త రంగు బొమ్మ తీరును కూడా మార్చింది. త్వరగా ఆరడం వల్ల ఒక రంగు పక్కన టేపు అంటించి, రోలరుతో మరో రంగు పూసి, కత్తితో కోసినంత స్పష్టమైన అంచు తేవచ్చు. ఒకే పొరలా చదునుగా, కుంచె జాడ లేకుండా పెద్ద విస్తీర్ణం నింపవచ్చు. ఆండీ వార్హోల్ 1962లో వేసిన సూప్ డబ్బాల చిత్రాలు, 32 కాన్వాసులు, ఇలాంటి కృత్రిమ పాలిమర్ రంగులతోనే పుట్టాయి. చక్ క్లోజ్ 1967, 1968 సంవత్సరాల్లో పలుచని నల్ల ఆక్రిలిక్‌ను ఎయిర్‌బ్రష్‌తో చిమ్మి, నిలువెత్తును మించిన తన ముఖచిత్రాన్ని ఫొటోను తలపించేలా తీర్చాడు.

ఇంగ్లండ్ నుంచి కాలిఫోర్నియా వచ్చిన డేవిడ్ హాక్నీకి అక్కడి ఎండ, చదునైన ఇళ్లు, ఈత కొలనులు ఆక్రిలిక్‌కు తగినవిగా తోచాయి. 1967లో వేసిన ‘ఎ బిగర్ స్ప్లాష్’లో ఆకాశం, ఇల్లు, కొలను రోలరుతో చదునుగా పూసినవి. నీళ్లు ఎగసిన తెల్లని చిమ్మును మాత్రం చిన్న కుంచెలతో దాదాపు రెండు వారాలు వేశాడు. రెండు క్షణాల్లో మాయమయ్యే నీటి తుంపరకు రెండు వారాల పని. త్వరగా ఆరే రంగు కాబట్టి పొర మీద పొరగా ఆ చిమ్మును ఓపికగా కట్టుకుంటూ పోగలిగాడు. తడి రంగులను కలిపి మెత్తని ఛాయలు తేవడంలో మాత్రం ఆక్రిలిక్ నూనెకు సాటి రాలేదు. ఆ లోటు తీర్చడానికి ఆరడాన్ని నెమ్మదింపజేసే మిశ్రమాలు, చిక్కబరచే జెల్లులు తర్వాత వచ్చాయి. వ్యాపారం నుంచి విరమించిన శామ్ గోల్డెన్ 1980లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బర్లిన్‌లో, ఒక పాత పశువుల కొట్టంలో, కుటుంబంతో కలిసి కొత్త సంస్థ మొదలుపెట్టి ఇలాంటి మిశ్రమాలను చిత్రకారుల అవసరాన్ని బట్టి తయారుచేశాడు.

పాపున్యా ఇసుక బొమ్మలు

ఆక్రిలిక్ చరిత్రలో గొప్ప అధ్యాయాల్లో ఒకటి ఆస్ట్రేలియా ఎడారిలో రాసి ఉంది. ఆలిస్ స్ప్రింగ్స్‌కు సుమారు 240 కిలోమీటర్ల వాయవ్యాన ఉన్న పాపున్యాలో పింటుపి, లురిట్జా, వార్ల్‌పిరి తదితర ఆదివాసులను ప్రభుత్వం స్థిరపరిచింది. పూర్వీకుల ప్రయాణాలను, నీటి గుంటలను, పవిత్ర స్థలాలను చెప్పే బొమ్మలను వారు ఇసుక మీద, ఒంటి మీద వేసుకునేవారు. క్రతువు ముగిశాక ఆ బొమ్మలు చెరిగిపోయేవి. 1971లో అక్కడికి వచ్చిన ఉపాధ్యాయుడు జెఫ్రీ బార్డన్ ప్రోత్సాహంతో పెద్దలు బడి గోడ మీద తేనె చీమల గాథను చిత్రించారు. ఆ తర్వాత దొరికిన పలకల మీద, క్రమంగా కాన్వాస్ మీద ఆక్రిలిక్‌తో బొమ్మలు వేయసాగారు. 1972లో చిత్రకారులే యజమానులుగా పాపున్యా తూలా సంస్థ ఏర్పడింది.

ఎడారి వేడిలో నీళ్లతో కలిపి వేసి, నిమిషాల్లో ఆరబెట్టగల రంగు, నేల మీద కూర్చుని చుక్క పక్కన చుక్క పెట్టే ఈ పద్ధతికి చక్కగా సరిపోయింది. క్లిఫర్డ్ పాసమ్ జపల్‌జారి 1977లో వేసిన ‘వార్లుగులాంగ్’ చిత్రాన్ని 2007 వేలంలో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 24 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొన్నది.

భారతదేశంలో

భారతీయ చిత్రకారుల్లో నూనె రంగుల్లో శిక్షణ పొందిన తరమే ఆక్రిలిక్‌ను దగ్గరికి తీసుకుంది. ఎస్.హెచ్. రజా 1983లో వేసిన ‘సౌరాష్ట్ర’, తయ్యబ్ మెహతా 1995లో మూడు పలకలుగా వేసిన ‘సెలబ్రేషన్’ ఆక్రిలిక్ చిత్రాలే. మెహతా బొమ్మల్లోని చదునైన, ఎదురెదురుగా నిలిచే రంగు క్షేత్రాలకు ఈ రంగు సహజంగా అమరింది. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ స్త్రీలను, వారి పెద్ద బొట్టును, ముదురు చీరలను ఆక్రిలిక్‌లో చిత్రించి దేశమంతటా పేరు పొందాడు. ఆ ఎరుపు, పసుపు, ఆకుపచ్చలు ఒకదానిలో ఒకటి కలవకుండా దేనికదిగా నిలవడం ఆ బొమ్మల బలం.

చేర్యాల నకాషీ కళాకారుల సంప్రదాయంలో జిగురు కథ మరో రూపంలో కనిపిస్తుంది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద పట్టించి, దీపం మసి, శంఖం పొడి, ఇంగిలీకం వంటి పొడులను తిరుమణి చెట్టు జిగురుతో కలిపి బొమ్మ వేయడం పాత పద్ధతి. ఆ తర్వాత సీసాల్లో, ట్యూబుల్లో దొరికే రంగులు కూడా వారి చేతుల్లోకి వచ్చాయి. గుడ్డకు పట్టించే చింతగింజల పూతకూ, కాన్వాస్‌కు వేసే ఆక్రిలిక్ గెస్సోకూ పని ఒకటే. రంగు నిలవడానికి నేలను సిద్ధం చేయడం.

మన్నిక ప్రశ్న

నూనె రంగుల సంరక్షణకు శతాబ్దాల అనుభవం ఉంది. నీటితో కలిసే ఆక్రిలిక్ చిత్రాల్లో అతి పాతవాటికి కూడా వయసు సుమారు 70 ఏళ్లే. పసుపుబారకపోవడం, పగుళ్లివ్వకపోవడం గురించి తొలి తయారీదారులు ఇచ్చిన భరోసా చాలావరకు నిలిచింది. ఇబ్బందులు వేరేవైపు నుంచి వచ్చాయి. గది వేడిలో ఆక్రిలిక్ పొర కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి దుమ్ము దానికి అంటుకుని లోపలికి దిగుతుంది. చలి ఎక్కువైతే అదే పొర పెళుసవుతుంది. అందువల్ల శీతాకాలంలో రవాణా చేయడం, చుట్టిన కాన్వాస్‌ను విప్పడం ప్రమాదకరం. ఎమల్షన్‌లోని సబ్బు వంటి పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ పైకి తేలి మసకపొరగా పేరుకుంటాయి. తడి దూదితో తుడిస్తే దుమ్ముతో పాటు అవీ పోతాయి, రంగు పొర నీటిని పీల్చి ఉబ్బుతుంది. తుడిచాక బొమ్మ మారిందా, అసలు మెరుపు బయటపడిందా అన్నది తేల్చడం కష్టమైంది.

ఈ ప్రశ్నల మీద లండన్‌లోని టేట్ చిత్రశాల, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ సంరక్షణ సంస్థ విస్తృతంగా పనిచేశాయి. 2006లో టేట్ మోడర్న్‌లో ఆధునిక రంగుల మీద జరిగిన సదస్సు సంరక్షకులను, రసాయనశాస్త్రజ్ఞులను, రంగుల తయారీదారులను ఒకచోట చేర్చింది. తుడిచే నీటిలోని ఆమ్ల క్షార గుణాన్ని, లవణాల పాలును సరిచూసుకుంటే పొర ఉబ్బడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆ లెక్కలతో తయారైన ద్రవాలతోనే ఇప్పుడు 1960ల కాన్వాసుల మీది దుమ్మును తీస్తున్నారు. జిగురు రసాయనం ఎంత బాగా తెలిస్తే, ఆ కాలపు బొమ్మ అంత భద్రంగా ఉంటుంది.